పోలీసుకు సెలవడిగిన హక్కుల సారు

సారు పోయారని ఆయన వకీలు ఫోన్లో చెబితే నేను నమ్మలేదు. ముందు రోజు సాయంత్రమే ఆయనతో మాట్లాడాను. కోర్టులో వాయిదా ఉంది, పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి వస్తానన్నారు. వచ్చారు కూడా. నంద్యాల బస్టాండులో బస్సు దిగి, నాలుగడుగులు వేసి కూలిపోయారట. నేను ఆస్పత్రికి చేరేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

మీకు ముందే చెప్పాలి, నేను ఆయన శిష్యుణ్ణి కాను. ఆయన్ను రెండుసార్లు అరెస్టు చేసిన కానిస్టేబుల్ని. బడిలో సైన్సు చెప్పి రిటైరైన ఆ మనిషి పౌరహక్కుల సంఘానికి పెద్ద. ఊళ్లో అందరికీ హక్కుల సారు. ఎవరినైనా పోలీసులు పట్టుకుపోతే ఇంటివాళ్లు ముందు ఆయన గడపే ఎక్కేవాళ్లు. స్టేషన్లో ఏ కాగితం మీద సంతకం పెట్టినా పక్కన టైము వేసేవారు. "దినం రాస్తే చాలదప్పా, గంట కూడా రాయల్ల" అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

ఒకసారి ఒక కూలిమనిషిని మా స్టేషన్లో నాలుగు రోజులు ఉంచేశారు. ఏ స్టేషనో ఇక్కడ రాయను. పట్టుకున్న ఇరవైనాలుగు గంటల్లో అతన్ని కోర్టులో ఎందుకు చూపలేదని సారు వచ్చి అడిగారు. విధులకు అడ్డొచ్చాడని ఆయన మీదే కేసు పెట్టారు. మేం ఇంటికి వెళ్లేసరికి బువ్వ తింటున్నారు. చేయి కడుక్కుని, బేగా వస్తాలే అని భార్యతో చెప్పి మా వెంట నడిచారు. రెండు రోజుల తర్వాత కోర్టుకు తీసుకెళ్లాం. కాగితాల్లో మాత్రం ఆ పొద్దున్నే బస్టాండులో పట్టుకున్నట్టు ఉంది. ఎప్పుడు పట్టుకున్నారని మేజిస్ట్రేటు నన్నడిగారు. కాగితంలో ఉన్నదే నిజమన్నాను. సారుకు బెయిలు రావడానికి రెండు నెలలు పట్టింది.

జైలుకు తీసుకెళ్తుంటే తిడతారనుకున్నాను. బేడీ ఒక కొస ఆయన చేతికి, ఒక కొస నా చేతికి. జీపు ఊరు దాటాక ఆయనే అడిగారు.

"నీకు సెలవిచ్చి ఎన్ని దినాలైందప్పా?"

రెండు నెలలైందన్నాను.

"అదీ తప్పే. నువ్వు అడగలేవు. బయటికొచ్చినాక నేనడుగుతా."

ఎగతాళి అనుకున్నాను. విడుదలైన వారానికే, కానిస్టేబుళ్లకు వారానికో రోజు సెలవివ్వాలని పై అధికారులకు అర్జీ పెట్టారు. నకలు మా స్టేషన్‌కు వస్తే అందరూ పగలబడి నవ్వారు. నాకు దిమ్మ తిరిగింది. అబద్ధం చెప్పి జైల్లో వేయించిన వాడికి సెలవడుగుతున్నాడు ఈయన.

మరుసటేడు ఇంకో లాకప్పు సంగతి అడిగినందుకు ఆయన్ను మళ్లీ పట్టుకొచ్చాం. మళ్లీ అవే దొంగ కాగితాలు. ఈసారి మేజిస్ట్రేటు అడిగితే, "మొన్న సాయంత్రం ఇంటికాడ పట్టుకొచ్చినాం సార్" అన్నాను. సారుకు ఆ రోజే బెయిలు, నాకు శ్రీశైలానికి బదిలీ. సామాన్లు సర్దుకుంటుంటే ఆయన మా ఇంటికొచ్చారు. పొగడలేదు.

"ముందుసారి కూడా చెప్పింటే బాగుండు గదప్పా."

ఆ మాటలో కోపం లేదు. అట్లని మాఫీ చేసిందీ లేదు. మా స్నేహం ఆ రోజే మొదలైంది.

సారు పోయిన ఆ పొద్దున వకీలు ఆస్పత్రిలోనే ఉండిపోయారు. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేను కోర్టుకు వెళ్లాను. ఆ రోజు వాయిదా నేను అబద్ధమాడిన ఆ మొదటి కేసుదే, అది ఇంకా నడుస్తూనే ఉంది. బంట్రోతు వరండాలోకొచ్చి సారు పేరు పిలిచాడు. చెబుదామని లేచి నిలబడ్డాను. రెండోసారి పిలిచాడు. మూడోసారి ఇంటిపేరుతో సహా గొంతెత్తి పిలిచి, మెట్ల వైపు చూశాడు. వరండాలో ఉన్నవాళ్లంతా అటే చూశారు. నేనూ చూశాను.