కోతుల మలుపులో వెనక సీటు

ఒట్టేసి చెబుతున్నా, ఇది జరిగింది. ఒగ్గుకథలా తెల్లారేదాకా చెప్పాల్సినంత పెద్ద కథ... సరే, కాదు. ఒక్క మలుపు. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది.

సౌదీలో, తాయిఫ్‌లో హోటల్ పార్సిళ్ళు బండి మీద మోసేవాణ్ణి. సౌదీవాళ్ళను చాలినంతమందిని పెట్టుకోలేదని నితాఖత్ అనే సర్కారు లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది. కఫీల్, అంటే నన్ను పెట్టుకున్న యజమాని, నా మీద కట్టాల్సిన లెవీ కట్టలేదు. అక్కడ ఉండనిచ్చే కార్డు, నా ఇకామా, గడువు ముగిసింది. అదృష్టం కొద్దీ ఇంకో కఫీల్ తీసుకుంటానన్నాడు. కాగితాలు మారేదాకా ఒక్కటే జాగ్రత్త... ఎక్కడా పడకూడదు. ఇకామా లేనివాడు రోడ్డు మీద పడితే అంబులెన్సు వెనకే పోలీసు వస్తాడు. ఆ తర్వాత తర్హీల్ జైలు, ఇంటికి విమానం. ఇక దయ్యాలకు భయపడే తీరిక నాకెక్కడిది?

"మలుపుల దూరకముందే బ్రేకు పట్టురా. లోపలికి పోయినంక తొక్కితే చక్రం జారుతది" అని నా రూమ్మేటు సత్తన్న వందసార్లు చెప్పాడు. జగిత్యాల మనిషి. లెవీల దెబ్బకు అప్పటికే ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్ళిపోయాడు. నాదేమో ఇంటి దగ్గరి అలవాటు. ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతామని నాన్న నేర్పాడు. భయమేస్తే వెనక బ్రేకు మీదికి కుడికాలే ముందు కదులుతుంది.

ఆ రాత్రి ఘాట్ కింద ఏదో విందుకు రొట్టెలు. చీకటి. గాలి. ఇంజను తప్ప చప్పుడు లేదు. కొండకోతులు తిండి కోసం బళ్ళెక్కే కోతుల మలుపు అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. స్పీడు ఎక్కువ. లైటు వెలుగులో రోడ్డు మీద... ఇసుక. పక్కన లోయ. కుడికాలు బ్రేకు మీదికి పోయింది.

అప్పుడు... కిర్రుమంది. వెనక సీటు కుంగింది.

మెల్లగా. నాకూ రొట్టెల డబ్బాకూ మధ్య మనిషి కూర్చున్నట్టు. ఎడమ భుజం మీద చెయ్యి పడింది. బరువుగా... వెచ్చగా. చెవి దగ్గర మాట.

"తొక్కకు... రోడ్డు పొయ్యే దిక్కు చూడు."

తొక్కలేదు. చూశాను. బండి ఒరిగింది... చూపు వెంట తనే తిరిగింది. రోడ్డు తిన్నగా అయ్యాక ముందు బ్రేకు మెల్లగా నొక్కి ఆపాను. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. సీటు మీద చెయ్యి పెడితే... ఇంకా వెచ్చగా ఉంది.

కోతి అనుకుందామంటే రొట్టెలన్నీ ఉన్నాయి. పైగా కోతికి జగిత్యాల యాస రాదు.

పొద్దున సత్తన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, రాత్రి నా బండెక్కినవా?"

"తాగినవారా? సౌదీల ఏడ దొరికింది నీకు?"

"కోతుల మలుపు కాడ ఎవరో వెనకెక్కిన్రన్నా."

సత్తన్న గొంతు తగ్గించాడు. వాళ్ళింట్లో ఫ్యాను టకటకమని తిరుగుతోంది.

"ఎడమ భుజమా?" అన్నాడు.

నేను భుజం మాటే ఎత్తలేదు.

"అన్నా, నీకు గూడానా?"

"పెట్టేస్తున్న రా. పోరి లేస్తది."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా మాట మార్చాడు. నా కఫీల్ మారాడు, ఇకామా వచ్చింది. వెనక కూర్చున్నదెవరో ఇప్పటికీ తెలీదు. బండి మాత్రం ఆరోజే మెకానిక్కుకు చూపించాను. వెనక బ్రేకు రాడ్డుకు నట్టు లేదు, దారిలో ఎక్కడో ఊడిపోయింది. తొక్కినా బ్రేకు పట్టేదే కాదట, దాన్నే నమ్ముకుని లోయలోకి పోయేవాణ్ణి.

కొత్త నట్టు బిగించాడు.