మూతల మీద నడక

చార్మినార్‌ను ఫొటో తీయడం మాకు ఇష్టం లేకపోయింది. అప్పటికే చాలామంది తీశారు, మేము కొత్తగా కలిపేదేమీ ఉండదనిపించింది. అందుకని డిగ్రీ రెండో ఏడు ఎండాకాలం సెలవుల్లో నేనూ నా స్నేహితుడూ ఎవరూ ఫొటో తీయని చోట్లకు వెళ్లి తీద్దామనుకున్నాం. ఎవరూ తీయకపోవడానికి ఏదో కారణం ఉండి ఉంటుందన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. డెబ్బైల మొదట్లో పాతబస్తీలో తాళం పడి, కొన్నాళ్లకు ఆ తాళాన్ని కూడా ఎవరో ఎత్తుకెళ్లిన కట్టడాలు కావలసినన్ని ఉండేవి.

నా స్నేహితుడి వాళ్లది అఫ్జల్‌గంజ్‌లో తాతలనాటి పప్పుల హోల్‌సేల్ కొట్టు. ఆ ఇంట్లో మనిషి బరువును ఇంటి పరువుగా చూసేవారు. ఆ పరువును నా స్నేహితుడు చిన్నప్పటినుంచీ ఒక్కడే చాలావరకు మోస్తూ వచ్చాడు. కెమెరా వాళ్ల బావది. మా ఇల్లు కంచన్‌బాగ్ వైపు, మా బాపు అక్కడ ఒక సర్కారీ కార్ఖానాలో పనిచేసేవాడు. ఆయన నైట్‌డ్యూటీకి పట్టుకెళ్లే మూడు సెల్లుల టార్చి నేను తెచ్చాను. కెమెరా వాడిది, టార్చి నాది. ధైర్యం ఎవరిదో ముందుగా మాట్లాడుకోలేదు.

అది డబ్బా కెమెరా. పక్కన సత్తుగిన్నెలా మెరిసే ఫ్లాష్ తగిలించుకోవాలి. అందులో బల్బు ఒక్కసారే వెలుగుతుంది. ఫట్‌మని కాలిపోయి, గాజు బొబ్బలెక్కి, పట్టుకుంటే వేళ్లు అంటుకుంటాయి. దాన్ని తీసి పారేసి కొత్తది పెట్టాలి. పెట్టేముందు బల్బు అడుగును నాలుకతో తడిపితే కరెంటు బాగా అందుతుందని స్టూడియో ఆయన చెప్పాడు. ఫొటో తీశాక రీలు తిప్పాలి. తిప్పకపోతే కెమెరా ఏమీ అనదు. ఉన్న బొమ్మ మీదే ఇంకో బొమ్మ తీసి ఊరుకుంటుంది.

మొదట ఒక మూతపడ్డ దవాఖానాకు వెళ్లాం. కళ్లు పరీక్షించే అక్షరాల అట్ట ఇంకా గోడకు వేలాడుతోంది. దూరంగా నిలబడి నాలుగో వరుసదాకా చదివాను. లోపలిగదిలో ఏదో కదిలింది, ఐదో వరుస ఇంకోసారి చదువుదామని బయటకు వచ్చేశాం. ఆ అనుభవంతో మేము ఇలాంటి పనులకు తగినవాళ్లమని తేలిపోయింది. తర్వాతిది మూసీ ఒడ్డున మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ.

ఆ ఫ్యాక్టరీ నాకు తెలిసినదే అనుకున్నాను. చిన్నప్పుడు ఇంట్లో పెళ్లయితే గోనెసంచి పట్టుకుని పెద్దవాళ్ల వెంట దాని గేటుదాకా వచ్చేవాణ్ని. రంపపు పొట్టు చల్లిన ఐసు దిమ్మ సంచిలో పడేది, మేము వెనక్కి తిరిగేవాళ్లం. గేటు దాటి ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. కానీ గేటు తెలిస్తే ఫ్యాక్టరీ తెలిసినట్టే అని ఆ వయసులో ఒక నమ్మకం.

మే నెల, మిట్టమధ్యాహ్నం. బయట రోడ్డు మీద తారు మెత్తబడింది. లోపల మాత్రం చీకటి. చల్లదనం పారిపోతుందని ఐసు ఫ్యాక్టరీకి కిటికీలు పెట్టరు. రెండు పలకల మధ్యన రంపపు పొట్టు కూరిన మందపాటి తలుపు ఒక్కటే దారి. అది ఒరిగిపోయి, వదిలితే తనంతట తానే మూసుకుంటోంది. నా స్నేహితుడు దానికి ఇటుక అడ్డుపెట్టి, తాను అక్కడే నిలబడి తలుపును కాపలా కాస్తానన్నాడు. ఫొటో నేను తీయాలన్నమాట. కెమెరా పట్టీ నా మెడలో వేసి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. బల్బుల డబ్బా నా చొక్కాజేబులో పెట్టాడు.

టార్చి వేసుకుని నడిచాను. ముక్కు మండించే ఏదో పాతవాసన, దాని కింద ఉప్పువాసన. పెద్ద హాలు. నేలంతా చెక్క, చదరాలు చదరాలుగా ఒక గోడ నుంచి ఇంకో గోడదాకా పరిచి ఉంది. "లోపల మస్తున్నదిరా, నేలంత కట్టెతోని చేసిన్రు," అని వెనక్కి కేకేశాను. ఇది పనివాళ్ల ఫ్యాక్టరీయా, నవాబులు నాట్యం చూసే నాచ్‌ఘరా అని కూడా ఒక జోకు వేసినట్టు గుర్తు. హాలు సగం దాటాను. అడుగు వేసినప్పుడల్లా కింద నుంచి బోలుగా చప్పుడు వస్తోంది. దానిమీద నేను పెద్దగా మనసు పెట్టలేదు.

అప్పుడు కుడికాలి కింద చెక్క విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, నానిన అట్ట చిరిగినంతే. కాలు మోకాలిదాకా దిగిపోయింది. ఏదో ఇనుప అంచు పిక్కను గీసింది. చెప్పు ఊడిపోయింది. చెయ్యి నేలకు ఆనించబోతే టార్చి జారి ఆ కంతలోంచి కిందికి పోయింది. బుడుంగుమంది.

టార్చి వెంటనే ఆరిపోలేదు. అది ఆరిపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నీళ్లలో మునిగి, ఆకుపచ్చగా వెలుగుతూ అడుక్కి దిగింది. ఆ వెలుగు నేలలోని ప్రతి సందులోంచీ పైకి వచ్చింది. హాలంతా, గోడ నుంచి గోడదాకా, నా చుట్టూ ఆకుపచ్చ గీతలు. నా కాలు దిగిన కంతలోంచి చూశాను. నల్లటి నీళ్లు, వాటిలో నోళ్లు తెరుచుకుని వరుసలు వరుసలుగా ఇనుప డబ్బాలు.

ఐసు ఫ్యాక్టరీకి నేల ఉండదు. ఉప్పునీళ్ల తొట్టి ఉంటుంది. అందులో డబ్బాలు దించితే డబ్బాల్లోని నీళ్లు గడ్డకడతాయి. డబ్బాలను పట్టి ఉంచేందుకు అడ్డంగా నిలువుగా దూలాలు, ఒక్కో డబ్బా మీద ఒక్కో చెక్కమూత. నేను నేల అనుకుని నడిచి వచ్చినవన్నీ మూతలు, ఏళ్ల తరబడి కింద నుంచి నానినవి. కాలేజీలో ఏ పాఠమూ నాకు ఇంత త్వరగా అర్థం కాలేదు.

టార్చి రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

"ఏంది గా సప్పుడు?" అన్నాడు నా స్నేహితుడు తలుపు దగ్గర నుంచి. సంగతి చెప్పాను. వస్తున్నా ఉండు అంటూ వాడు వేసిన మొదటి అడుగు చప్పుడు వినగానే నా చేతుల కింద చెక్క వణికింది. వాడి ఇంటి పరువు మొత్తం ఈ మూతల మీదికి రాబోతోంది.

"రాకురా. నువ్వొస్తే ఇద్దరం పోతం. పోయి తాడేమన్న పట్కరా."

"నిన్ను ఇడిషిపెట్టి ఎట్ల పోవాలె? భయమైతుందా?"

"కొంచెం."

వాడు పరుగెత్తాడు. ఆ పరుగులో కాలు తగిలి ఇటుక తొలగినట్టుంది. తలుపు నిదానంగా, ఏ తొందరా లేకుండా మూసుకుంది.

చీకటిని నేను అంతకుముందు చూశాననుకునేవాణ్ని. ఇది అది కాదు. కళ్లు మూసినా తెరిచినా ఒకటే. కాలు మెల్లగా పైకి లాక్కున్నాను. పిక్క తడిగా ఉంది, అది నీరో నెత్తురో చూసుకునే వీలు లేదు. మీద కూర్చున్న మూత మధ్యలో కుంగుతోంది. కింద ఎక్కడో ఏదో ఈదుతూ పోయి ఒక డబ్బాకు తగిలింది, డబ్బా గంటలా మోగింది. పందికొక్కు అని నాకు నేను చెప్పుకున్నాను. జీవితంలో మొదటిసారి పందికొక్కు ఉందంటే మనసు కాస్త కుదుటపడింది. నాకు సిగరెట్ అలవాటు లేదు కాబట్టి అగ్గిపెట్టె లేదు. మంచి అలవాట్ల మీద నాకు ఆ రోజే మొదటి అనుమానం కలిగింది.

వాడు వచ్చేదాకా కదలకుండా ఉందామనే అనుకున్నాను. కానీ కింద మూత ఇంకొంచెం కుంగింది, పంట్లాం వెనక భాగానికి చల్లగా తగిలింది. ఉండడానికి లేదు. నడవాలి. మూతల మీద కాదు, మధ్యలో ఉన్న దూలాల మీద నడవాలి. దూలాలు ఎక్కడున్నాయో కనబడాలి.

మెడలో కెమెరా ఉంది.

మొదటి బల్బు వెలిగించాను. ఫట్. హాలంతా ఒక్కసారి తెల్లగా లేచి నిలబడింది, మళ్లీ మాయమైంది. కానీ కళ్లలో ఆ గీతలు మిగిలిపోయాయి. చీకట్లో ఊదారంగులో తేలుతున్నాయి. అవి చెరిగిపోయేలోగా వాటిని పట్టుకుని నడవాలి. మిగిలిన చెప్పు వదిలేశాను. వట్టికాలితో తడిమి, గట్టిగా తగిలినచోట ఆనించి, ఒక అడుగు. ఇంకో అడుగు. గీతలు పక్కకు జారిపోవడం మొదలుపెట్టాయి. ఆగాను. కాలిన బల్బు పీకాను, వేళ్లు చురుక్కుమన్నాయి, వదిలేశాను. అది మూత మీద దొర్లి, సందులోంచి నీళ్లలో పడి స్సుమంది.

అలా కొంత దూరం వచ్చాను. ఎంత దూరమో చెప్పలేను. ఫట్, రెండడుగులు, మళ్లీ చీకటి. ఎడమకాలి కింద ఒక మూత పెచ్చు ఊడి పడింది. అది పడ్డాక చాలాసేపు నేను ఊపిరి తీయలేదు. తీస్తే బరువు పెరుగుతుందేమోనని భయం. తలుపు ఎటుందో గుర్తుంచుకోవడానికి అదేపనిగా ముందుకే చూస్తున్నాను, మెడ పట్టేసింది.

చివరి బల్బు వెలగలేదు. మీట నొక్కాను, టిక్కుమంది, అంతే. స్టూడియో ఆయన మాట గుర్తొచ్చింది. బల్బు తీసి నోట్లో పెట్టుకున్నాను. నాలుక దానికి అంటుకుంది. తడపడానికి నోట్లో తడి లేదు. గొంతులోనూ లేదు. ఎంత మింగినా ఉమ్మి ఊరలేదు. ఒక మనిషి దగ్గర ఉమ్మి కూడా లేని రోజు ఒకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నా కింద మాత్రం ఒక తొట్టెడు నీళ్లు. అప్పుడు తట్టింది, మెడమీద చెమట కారుతోందని. బల్బు అడుగును మెడకు రుద్ది, తడుముకుంటూ పెట్టి, నొక్కాను. వెలిగింది. ఆ వెలుగులో తలుపు కనిపించింది. నేను అనుకున్నచోట కాదు, బాగా కుడివైపు. ఇంకా నాలుగైదు మూతల దూరం.

ఆ ఊదారంగు గీతను పట్టుకుని అటు తిరిగాను. అడుగులు వేశాను. గీత చెరిగిపోయింది. నిలబడిపోయాను.

అప్పుడే తలుపు తెరుచుకుంది. నా స్నేహితుడు, వాడి వెనక రోడ్డు మీద షర్బత్ అమ్ముకునే బండాయన. ఆయన టార్పాలిన్ కట్టుకున్న తాడు విప్పి తెచ్చారు. ఎండ లోపలికి పడింది. నాకు మొదట ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. తర్వాత కిందికి చూసుకున్నాను. నా రెండు కాళ్లూ దూలం మీద లేవు. ఒకే మూత మీద, సరిగ్గా నడిమధ్యన ఉన్నాయి. దాని అంచుల చుట్టూ నీళ్లు ఊరుతున్నాయి. చీకట్లో నాకు ఇంత భయం వేయలేదు.

"హిల్నా నక్కో మియా," అన్నాడు బండాయన చాలా మెల్లగా, పిల్లిని పిలిచినట్టు. కదిలే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు.

తాడు మొదటిసారి అందలేదు. రెండోసారి నా భుజం మీద పడింది. నేను కెమెరా ముందు కట్టి పంపుతానన్నాను. బావ వస్తువు కదా.

"కెమెరా మూసీల కలవనీయ్. నడుముకు కట్కో ముందు."

కెమెరా పట్టీని రెండుసార్లు లాగి చూసినవాడే ఈ మాట అన్నాడు. తాడు కట్టుకున్నాను. బోర్లా పడుకొమ్మన్నారు, పడుకున్నాను. లాగారు. నేను జారిపోతుంటే నా కడుపు కింద, తొడల కింద, మోకాళ్ల కింద మూతలు ఒక్కొక్కటే విరిగి పడుతున్న చప్పుడు నా వెంటే గడపదాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఏం కనబడిందో తర్వాత నా స్నేహితుణ్ని అడిగాను, వాడు కళ్లు మూసుకుని లాగాడట.

బయట ఎండలో కూర్చున్నాం. పిక్క మీద గీత నుంచి నెత్తురు కారి ఎండిపోయింది. బండాయన షర్బత్ కలిపి, ఐసు వేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను.

ఆ తొట్టి లోతు ఎంతో నేను ఎవరినీ అడగలేదు. ఛాతీలోతేనని తేలితే నా భయానికి పరువు పోతుంది, అంతకంటే ఎక్కువని తేలితే నాకు నిద్ర పోతుంది.

ఇంట్లో టార్చి బస్సులో పోయిందని చెప్పాను. పిక్కను గేటు గీసిందని చెప్పాను. బాపు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు నైట్‌డ్యూటీకి పక్కింటివాళ్ల టార్చి అడిగి తీసుకెళ్లాడు.

వారం తర్వాత నా స్నేహితుడు స్టూడియో నుంచి ఫొటో పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఒకటే ఫొటో. భయంలో నేను రీలు ఒక్కసారీ తిప్పలేదు. అన్ని ఫ్లాష్‌లూ ఒకే బొమ్మ మీద పడ్డాయి. ఫెయిలయింది, పారేయమంటావా అని స్టూడియో ఆయన అడిగాడట. మూత మీద మూత, దూలం మీద దూలం కలిసిపోయి, ఒకదాని సందును ఇంకొకటి కప్పేసి, ఎక్కడా చిన్న పగులు కూడా లేని గట్టి నేల కనిపిస్తోంది. దానిమీద ఏనుగును నడిపించవచ్చు.

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫొటో తీసుకుంది. ఏదో పాత ఫ్యాక్టరీకి పోయి కొంచెం భయపడ్డామని మాత్రం ఆమెకు చెప్పి ఉన్నాం.

"నేల మంచిగనే ఉన్నది గదరా," అంది. "గింత గట్టి నేల మీద ఏం భయమైంది మీకు?"

ఫొటో అడుగున ఒక మూలన ఏ వెలుగూ పడని నల్లటి మచ్చ ఒకటి ఉంది, గోరంత కంత. అమ్మ దానిమీద వేలు పెట్టి ఇదేందని అడిగింది. అబద్ధం చెప్పడం మా వాడికి కొట్లో అలవాటే గానీ, అప్పుడు మాత్రం చేతకాలేదు.

"టార్చి గా కంతలనే పడ్డది అమ్మా," అన్నాడు.

అమ్మ ఆ నల్లమచ్చను చూసింది. తర్వాత నా పిక్కకు కట్టిన గుడ్డను చూసింది. ఫొటోను బోర్లించి గూట్లో పసుపుడబ్బా కింద పెట్టేసి, పొయ్యి దగ్గరికి పోతూ, వెనక్కి తిరగకుండానే అంది.

"బాపుకు మాత్రం బస్సులనే పోయిందని చెప్పు."