ఓనర్ గడిలో పాప పేరు

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికన్నా ముందు నవ్వేది నేనే. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. ప్రతిదానికీ కారణం ఉంటుందని, ఇవాళ తెలియకపోతే రేపు తెలుస్తుందని నమ్మేదాన్ని. అందుకే ఏదీ కలపకుండా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా పొరపాటు ఎక్కడుందో చదివినవాళ్లకైనా కనిపిస్తుందేమో.

మేము మహబూబాబాద్‌లో అద్దెకుంటున్నాం. మా ఆయనకు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. మాకు మొదట బాబు పుట్టి పదకొండో రోజున పోయాడు. రెండేళ్లకు పాప పుట్టింది.

ఇరవయ్యొకటో రోజున, పేరు పెట్టడానికి, మా అత్తమ్మ మమ్మల్ని జఫర్‌గఢ్‌లోని తన ఇంటికి తీసుకెళ్లింది. పాపను చాటలో వేసి ఇంటి వెనుక పెంటకుప్ప మీద పెట్టించింది. పక్కింటి అవ్వ వచ్చి చాట ఎత్తుకుని, "గీ పిల్ల నాకు పెంట మీద దొరికింది. మీకు గావాల్నా?" అని అడిగింది. అత్తమ్మ దోసెడు తవుడు ఇచ్చి పాపను తీసుకుంది. పెంటి అని పేరు పెట్టింది. ముందు పుట్టిన బిడ్డ దక్కకపోతే మా వైపు ఇలా చేస్తారు. పెంట మీద దొరికినదాన్ని పైనవాళ్లు కూడా కోరుకోరని నమ్మకం.

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. బర్త్ సర్టిఫికెట్‌లో ఆద్య అని రాయించాను. పెంటి అనే మాట ఇంట్లో వినిపించకూడదని గట్టిగా చెప్పాను. అత్తమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు, నేను వంటింట్లో ఉంటే పాప చెవిలో మెల్లగా అలాగే పిలిచేది. విననట్టే ఊరుకునేదాన్ని.

పాపకు ఎనిమిది నెలలప్పుడు ఇంటి నుంచి చేసే ఉద్యోగం ఒకటి దొరికింది. వాళ్ల సాఫ్ట్‌వేర్ నడవాలంటే లాప్‌టాప్‌లో వర్చువలైజేషన్ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. అది విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్‌లో ఉంటుంది. పాప కడుపులో ఉన్నప్పుడు కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మాది. అందులో ఆ పేజీ కనిపించకుండా దాచి ఉంది.

ఒక మధ్యాహ్నం పాప పడుకున్నాక, ఇంటర్నెట్‌లో ఎవరో రాసినట్టు, లాప్‌టాప్ ఆన్ అవుతుండగా మూడు కీలు వరుసగా నొక్కాను. నాలుగో ప్రయత్నానికి దాచిన మెనూ తెరుచుకుంది. కావలసిన సెట్టింగ్ ఆన్ చేశాను. ఇంకా ఏమున్నాయో చూద్దామని కిందికి పోతే, చివర్లో ఓనర్ అని ఒక గడి. అందులో ఐదు ఇంగ్లీషు అక్షరాలు. పీ, ఈ, ఎన్, టీ, ఐ.

ఆ మెనూ నేను అంతకుముందు తెరవలేదు. మా ఆయనకు అలాంటిది ఉందనే తెలియదు. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. ముందు వాడిన ఆఫీసు పేరేదో అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. ఆ సంగతి వరకు ఇప్పటికీ అదే అంటాను. అయినా చూడలేక డిలీట్ చేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేశాను. మళ్లీ ఉంది. మూడుసార్లు తుడిచాను, మూడుసార్లూ వచ్చింది.

స్టేషన్ దగ్గరున్న రిపేర్ షాపులో చూపించాను. అతను నవ్వాడు.

"లాప్‌టాప్‌కు పెంటి అని పేరు వెట్టినరా అక్కా? ఇరవయ్యొకటి ఎన్నడు చేసినరు?" అని, తర్వాత వివరంగా చెప్పాడు. "గీ గడిల కంపెనీవోళ్లు ఒక్కసారే రాస్తరు. తుడిస్తే పోయినట్టు కనవడ్తది గని పోదు. పనైతాంది గద, దాన్నెందుకు గెలుకుడు?"

కారణం దొరికిందని గుండె తేలికపడింది. పాపను చూడటానికి వచ్చిన అత్తమ్మకు నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"తుడవకు బిడ్డా. ఎవలో గుర్తుకు రాసుకున్నరు. ఉండనియ్యి."

"గది లాప్‌టాప్‌ది అత్తమ్మా, పాపది గాదు."

"నీకెట్ల ఎరుక?"

ఆ మాటకు నాకు పంతం వచ్చింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మెనూ తెరిచాను. "సూడు, తుడిస్తే మళ్ల వస్తది. ఉత్త మిషను ఇది" అని ఐదు అక్షరాలూ తుడిచి రీస్టార్ట్ చేశాను.

గడి ఖాళీగా ఉంది.

"ఏది?" అంది అత్తమ్మ.

ఇంకోసారి రీస్టార్ట్ చేశాను. ఖాళీ. పోనీ నేనే రాద్దామని కర్సర్ తీసుకెళ్తే అది ఆ గడిలోకి దిగలేదు. తుడవనిచ్చిన గడి రాయనివ్వలేదు. రిపేర్ షాపతను రెండు రోజులు ఉంచుకుని తిరిగిచ్చాడు. ఈసారి హాస్యం లేదు. "ఎట్ల పోయిందో సమజైతలేదక్కా. పోవద్దు అసలు" అన్నాడు.

గడి ఖాళీ అయిన సాయంత్రమే పాపకు జ్వరం వచ్చింది. దవాఖానలో వైరల్ అన్నారు. పిల్లలకు జ్వరాలు వస్తాయని నాకూ తెలుసు. అయినా అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, మళ్లీ జఫర్‌గఢ్ పోదాం, మళ్లీ చాటలో వేద్దాం అని అడిగాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది.

"ఒక్కపారే కొంటరు బిడ్డా. మన పిల్లను మనం రెండుసార్లు ఎట్ల కొంటం?"

ఐదో రోజుకు జ్వరం తగ్గింది. ఇప్పుడు బాగానే తింటోంది, గోడ పట్టుకుని నిలబడుతోంది. ఉద్యోగం కూడా అదే లాప్‌టాప్ మీద చేస్తున్నాను. రోజూ ఒకసారి ఆ మెనూ తెరిచి ఐదు అక్షరాలూ కొట్టి చూస్తాను. ఒక్కటీ పడదు.

ఆ నాలుగోసారి మాత్రమే ఎందుకు పోయిందో నాకు తెలియదు. నేను తుడిచింది ఎవరి పేరో కూడా తెలియదు. పాప పక్కనే పడుకుని ఉంది. ఇది రాస్తూ మధ్యమధ్య ఆగి, ఊపిరి తీస్తోందో లేదో చూస్తున్నాను.