ఎందుకైనా మంచిది మావయ్య

మా మావయ్య ఏ వస్తువునీ ఒంటరిగా చూడలేడు. గొడుగు ఉంటే గొడుగుకి తోడు ఇంకో గొడుగు ఉండాలి. తాళంచెవి ఉంటే దానికి మారుచెవి, మారుచెవి పోతే ఎలాగని దానికింకొకటి. ఎందుకు మావయ్యా ఇవన్నీ అంటే ఒకటే జవాబు: "ఎందుకైనా మంచిది." ఒకరోజు పనిలేక ఆ మాట ఎన్నిసార్లు అంటాడో లెక్కపెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళకే ముప్ఫై ఒకటి అయ్యాయి.

నేను లైబ్రరీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నాకు తోడు వచ్చాడు. సంచిలో నాలుగు పెన్నులు, సర్టిఫికెట్ల నకళ్ళు మూడు సెట్లు, చూపు బాగానే ఉన్న నాకోసం ఒక కళ్ళజోడు. బయట బెంచీ మీద చూద్దును కదా, మా చెల్లెలు కూడా నీటుగా తల దువ్వుకుని కూర్చుని ఉంది.

"ఇదెందుకొచ్చింది మావయ్యా?"

"నువ్వు కళ్ళు తిరిగి పడిపోయావనుకో. ఇది లోపలికి వెళ్తుంది."

"దాని పేరు వేరు కదా!"

"ముక్కు ఒకటే కదా. ఎందుకైనా మంచిది."

ఇది ఆయన వృత్తి నేర్పిన బుద్ధి. ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. "అమ్మాయ్, లిఫ్టుని మొయ్యడానికి ఒక్క ఇనప తాడు చాలు. అయినా మేం ఆరు వేస్తాం. ఎందుకంటావ్?" అని అడిగేవాడు. నేను నోరు తెరిచేలోగా జవాబు కూడా తనే చెప్పేసేవాడు. ఆ జవాబేమిటో మీకు తెలుసు.

ఆయన పిచ్చికి పరాకాష్ఠ చూడాలంటే మాత్రం పడవ దగ్గరికి రావాలి. ఊరి బయట రిజర్వాయరులో మా నాన్నకీ మావయ్యకీ కలిపి ఒక చిన్న పడవ ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆదివారం వస్తే బావా బావమరుదులిద్దరూ గాలాలు పట్టుకుని అందులో ఎక్కాల్సిందే. మా నాన్న బోర్డులు రాసే పెయింటరు. గీత గియ్యకుండా, స్కేలు పెట్టకుండా, నిచ్చెన మీద నిలబడి ఒంటిచేత్తో ఇంతేసి అక్షరాలు రాసేవారు. ఆయనకి చేపలు పట్టడానికి ఒక గాలం, ఒక టోపీ చాలు. మావయ్యకి చాలవు.

ఇద్దరు మనుషుల పడవలో ఆయన ఎక్కించేవి వినండి. తెడ్లు రెండు జతలు. లంగర్లు మూడు. నీళ్ళు తోడే డబ్బాలు రెండు, ఈలలు మూడు, కొక్కెం తీసే పట్టకారులు నాలుగు, గాలం దారానికి కట్టే తేలే బెండ్లు డజను, సీసపు గుండ్లు సంచెడు. వీటన్నిటినీ కారు డిక్కీలోంచి రేవుదాకా మోసే భాగ్యం నాది. అన్నీ సర్దేసరికి పడవ అంచుకీ నీటికీ మధ్య జానెడు ఖాళీ మిగిలేది.

"ఒరేయ్, ఇది పడవా, పాతసామాన్ల కొట్టా? నేనెక్కడ కూర్చోవాలి?" అనేవారు నాన్న.

"నువ్వు రేవులోనే ఉండు బావా, సామాను తిప్పుకొస్తా" అనేవాడు మావయ్య.

ఎంత విడ్డూరం మనిషైనా ఆయన చెప్పేదాంట్లో తప్పుండేది కాదు. రేవులోకి కొత్తగా వచ్చినవాళ్ళు కనిపిస్తే చాలు, అడక్కుండానే పాఠం మొదలెట్టేవాడు. "లైఫ్ జాకెట్ కూర్చునే చోట కింద వేసుకున్నారా? అది జాకెట్ కాదు బాబూ, దిండు. ఒంటి మీదుంటేనే జాకెట్." "లంగరు తాడు లోతుకి సరిపడా ఉంటే సరిపోతుందనుకున్నారా? లోతుకి ఐదింతలుండాలి. లేకపోతే గాలికి లంగరే మీ వెంట షికారుకొస్తుంది." "పడవలో నిలబడి గాలం విసరకండి. కూర్చుని విసిరితే చేప పడకపోవచ్చు, నిలబడి విసిరితే మీరు పడొచ్చు." వాళ్ళు మొదట నవ్వేవాళ్ళు. తరవాత బుద్ధిగా జాకెట్లు తొడుక్కునేవాళ్ళు.

ఇంత చెప్పే మనిషి ఒకసారి లంగరు వెయ్యబోయాడు. మూడు లంగర్లలో ఏది పట్టకపోయినా ఇంకోటి పడుతుందని మూడింటినీ ఒకదానికొకటి గట్టిగా కట్టాడు. నీళ్ళలోకి విసిరాడు. దబ్బుమని మూడూ మునిగాయి. తాడు కొస కూడా వాటి వెనకే సరసరా జారి మాయమైపోయింది. పడవకి కట్టడం ఒక్కటే మర్చిపోయాడు.

నాన్న పడవలో పడి దొర్లి నవ్వారు. మావయ్య ఏమీ తొణక్కుండా కాళ్ళకింద గోనెసంచి లాగి అందులోంచి నాలుగో లంగరు తీశాడు. "చూశావా బావా? ఇంకోటి ఎందుకురా అన్నావు!" అన్నాడు, గెలిచినవాడిలా. వారం రోజులు మా ఇంట్లో ఇదే కథ. నాన్న చెప్పిన ప్రతిసారీ లంగర్ల సంఖ్య ఒకటి పెరుగుతూ వచ్చింది.

ఆ నవ్వు తరవాతి ఏడాది ఆగిపోయింది. నాన్నకి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి గండం తప్పింది కానీ కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడ్చి నడవాల్సొచ్చింది. ఇంటికొచ్చాక వరండాలో కుర్చీలో కూర్చున్నారు. అలాగే కూర్చుండిపోయారు. మాట్లాడరు, గేటు దాటరు. "ఆదివారం రిజర్వాయరుకి వెళ్దామా నాన్నా, నేను పట్టుకుంటాగా" అన్నాను ఒకరోజు. ఆ 'పట్టుకుంటా' అన్న మాటకి ఆయన ముఖం మాడిపోయింది.

"నేనేమైనా చంటిపిల్లాడినా? చేపలంటే నాకు విసుగొచ్చింది. ఆ మాట ఇంకెత్తకు."

డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. మనిషి ఇల్లు కదిలి ఏదో ఒక పని మీద మనసు పెట్టకపోతే, ఉన్న బలం కూడా జారిపోతుందట. నాకు ఏడుపొచ్చింది. అమ్మ బతిమాలింది, చెల్లెలు అలిగింది, చుట్టాలొచ్చి ధైర్యం చెప్పారు. ఎవరెంత చెబితే ఆయన అంత బిగుసుకుపోయారు.

మావయ్య మాత్రం ధైర్యం చెప్పలేదు. వచ్చి ఎదురుగా కూలబడి తన రోగాలు ఏకరువు పెట్టడం మొదలెట్టాడు.

"బావా, నా ఎడమ మోకాలు అరిగిపోయింది. పడవలోకి దిగలేక చస్తున్నా. రేవులో రెండు మెట్లు కట్టించి, పట్టుకోడానికి పక్కన పైపు పెట్టించుకున్నా."

నాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నారు. తరవాతి ఆదివారం మావయ్య మళ్ళీ వచ్చాడు.

"నడుం పట్టేసింది బావా. పడవలో వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి బిగించా. కింద కాలు జారకుండా రబ్బరు చాప కూడా వేశా."

ఆ పై వారం వేళ్ళు తిమ్మిర్లన్నాడు, ఒంటిచేత్తో టక్కున పడే క్లిప్పు ఉన్న జాకెట్ కొన్నాడు. తరవాతి వారం కళ్ళు కనిపించడం లేదన్నాడు, దారానికి ముందే కట్టేసి అమ్మే కొక్కేలు తెచ్చాడు. ఇంకో వారం భుజం లాగేస్తోందన్నాడు, గాలపు కర్ర నిలబెట్టడానికి పడవ అంచుకి గొట్టం అమర్చాడు. రీలు విషయంలో అయితే షాపువాడిని తిట్టిపోశాడు. "తిప్పే పిడి ఎడమవైపు పెట్టి నాకు అంటగట్టాడు బావా, వెధవ!"

ఐదారు వారాలు విన్నాక నాన్నకి చిరాకేసి నోరు పెగిలింది. "సుఖం మరిగావురా. చేపలు పట్టడానికి వెళ్తున్నావా, పురుడు పోసుకోడానికా?"

నాన్న వేళాకోళం విని ఎన్నాళ్ళయిందో! వంటింట్లో అమ్మా నేనూ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

మావయ్యకి మాత్రం ఈ రోగాల వల్ల కష్టాలొచ్చిపడ్డాయి. మా అమ్మ ఆయనకి స్వయానా అక్క. తమ్ముడి ఒళ్ళు ఇంత గుల్లయిపోయిందని నమ్మి రంగంలోకి దిగింది. ఎడమ మోకాలికి పట్టీ వేసింది, నడుముకి వేడినీళ్ళ కాపడం పెట్టింది, తీపి మాన్పించింది. "అంత అవసరం లేదక్కా" అని ఆయన గింజుకుంటే, "నోర్మూసుకుని కాలు చాపు" అనేది. పాపం, మా ఇంటికొస్తే గేటు దగ్గర్నుంచే కుంటుతూ వచ్చేవాడు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. "బావా, ఒక చిక్కొచ్చింది. ఈ కుర్చీ, గొట్టం అన్నీ ఒక కొసన బిగించా, తెడ్లేమో రెండో కొసన. నేను తెడ్ల దగ్గర కూర్చుంటే పడవ ఒరిగిపోతోంది. కుర్చీలో ఒక డెబ్భై కేజీలు కావాలి."

"ఇసక బస్తా వేసుకో."

"బస్తా కబుర్లు చెప్పదుగా. నువ్వు గాలం ముట్టుకోనక్కర్లేదు. ఊరికే బరువుకి రా."

నాన్న కాసేపు ఆయన వంక గుర్రుగా చూశారు. "మొత్తానికి నన్ను కూడా సామానులో కలిపేశావన్నమాట" అన్నారు. తరవాత అమ్మ వైపు తిరిగి తన టోపీ ఎక్కడుందని అడిగారు. అమ్మ టోపీ వెతకడానికి లోపలికెళ్ళి, పది నిమిషాలు కళ్ళు తుడుచుకుని మరీ తెచ్చింది.

రేవులో నేను చెయ్యి అందించబోతే మావయ్య గట్టిగా నా కాలు తొక్కాడు. నాన్న ఎడంచేత్తో పైపు పట్టుకున్నారు. ఒక మెట్టు, రెండో మెట్టు, రబ్బరు చాప, కుర్చీ. ఎవరూ పట్టుకోలేదు. కూర్చున్నాక చుట్టూ చూసి, "ఇదేదో నీ సోమరితనానికి బాగానే కుదిరింది" అన్నారు. జాకెట్ క్లిప్పు టక్కుమంది.

రెండో జత తెడ్లు పట్టుకుని నేనూ మధ్యలో ఇరుక్కున్నాను. పడవ నీళ్ళ నడిమికి చేరాక మావయ్య లంగరు దించాడు. ఈసారి దాన్ని పడవకి కట్టాడో లేదో నాన్న అడిగి మరీ చూసుకున్నారు. మావయ్య గాలం వేసి, కర్రని గొట్టంలో నిలబెట్టాడు. ఆ గొట్టం నాన్న ఎడంచేతికి దగ్గర్లో ఉంది. కాసేపటికి బెండు బుడుంగున మునిగింది. సరిగ్గా అప్పుడే మావయ్య రెండు చేతులూ చేపని పైకి తీసే చేతివలలో చిక్కుకుపోయాయి.

"బావా, నా చేతులు ఖాళీ లేవు! కాస్త తిప్పు!"

"నాకెలా కుదురుతుందిరా?"

"పిడి నీవైపే ఉంది! తిప్పవయ్యా, పోతుంది!"

నాన్న తిప్పారు. కర్ర వంగింది, రీలు గిర్రుమంది. ఎడంచెయ్యి మొదట తడబడి, తరవాత దారి తెలుసుకుంది. పైకొచ్చిన చేప అరచెయ్యంత కూడా లేదు. దాన్ని చూసి మావయ్య, "ఇంతోటిదానికి వల కూడానా!" అన్నాడు. నాన్న ఫక్కున నవ్వారు. తొమ్మిది నెలల తరవాత విన్నాను ఆ నవ్వు. నేను ముఖం అటు తిప్పుకుని తెడ్డు పట్టుకున్నాను.

ఒడ్డుకొచ్చాక మావయ్య గబగబా కారు తేవడానికి గట్టు ఎక్కాడు. అరిగిపోయిన మోకాలితో రెండేసి మెట్లు ఒక్కో అంగలో ఎక్కేశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే పక్కన రేవు కాపలాదారు నవ్వాడు.

"ఆయనకి ఒంట్లో బాగుందామ్మా ఇప్పుడు?"

"ఏమైందసలు?"

"ఏమో మరి. రెండు నెలలు రోజూ వచ్చాడు. కుడిచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసుకునేవాడు. కుడికాలు వంగకుండా చెక్క కట్టుకునేవాడు. అలా ఒంటిచేత్తో పడవెక్కడం, దిగడం, గాలం కట్టడం, రీలు తిప్పడం. కుదరకపోతే గొట్టం ఇటు మార్చడం, పైపు అటు మార్చడం. మూడుసార్లు నీళ్ళల్లో పడ్డాడమ్మా. ఒంటి మీద రెండు జాకెట్లున్నాయి కాబట్టి తేలాడు. మాకైతే మతిపోయిందేమో అనిపించింది."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మోకాలు, నడుం, వేళ్ళు, కళ్ళు, భుజం. ఒక్కటి కూడా ఆయనది కాదు. మా నాన్న ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవెక్కాలని, ఆయన పరువు పోకుండా ఉండాలని, ఆ అవిటితనమంతా తనమీద వేసుకుని, నవ్వులపాలై, పైగా మా అమ్మ కాపడాలు కూడా భరించాడు. జీవితంలో నేను ఎంతమందికో థాంక్స్ చెప్పుంటాను. అవన్నీ కూడబెట్టి ఇచ్చినా ఈ మనిషికి చాలవు.

కారు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "మావయ్యా, నాకంతా తెలిసిపోయింది."

ఆయన బెదిరిపోయి చుట్టూ చూశాడు. "ఏయ్, మీ నాన్న చెవిన పడిందో నీ తోలు తీస్తా. ఆయనకి తెలిస్తే మళ్ళీ పడవెక్కడు. మాటివ్వు."

ఇచ్చాను. ఆ మీదట ప్రతి ఆదివారం నాన్న మాకంటే ముందే లేచి, టోపీ పెట్టుకుని వరండాలో తయారుగా ఉండేవారు. నెల తిరిగేసరికి ఎడంచేత్తో కుంచె కూడా పట్టారు. అక్షరాలు కాస్త పక్కకి ఒరిగాయి కానీ పడవ మీద మా ఇంటి పేరు ఆయనే రాశారు.

మొన్న ఆదివారం కూడా అలాగే కూర్చున్నాం. మావయ్య కారు దిగి, ఏదో పాట ఈలవేసుకుంటూ చెంగుచెంగున గేటు దాకా వచ్చాడు. అప్పుడు గుమ్మంలో అమ్మ కనిపించింది, చేతిలో వేడినీళ్ళ సంచితో సహా. ఉలిక్కిపడి అక్కడికక్కడే "అబ్బా" అని కుడికాలు పట్టుకుని కుంటడం మొదలెట్టాడు.

నాన్న కుర్చీలోంచి ముందుకి వంగి, అమ్మకి వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నారు:

"ఒరేయ్, ఎడమ కాలురా!"