బుధవారపు ప్రార్థన

లిఫ్టు మెకానిక్ శనివారం సాయంత్రం ఆరింటికి పశ్చాత్తాపపడేవాడు. పెళ్లికి ముందునుంచీ అదే అలవాటు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పడకగది తలుపు దగ్గరికి వేసి మోకరించేవాడు. సోమవారం ఆడిన అబద్ధం, మంగళవారం భార్యను విసుక్కోవడం, గురువారం పక్కింటాయన కొత్త బండి చూసి కుళ్లుకోవడం, అన్నీ వరసగా చెప్పి క్షమించమనేవాడు. ఏడున్నరకల్లా భోజనానికి వచ్చేవాడు.

"తప్పు చేసిన రోజే అడగొచ్చుగా," అనేది భార్య.

"దేవుడు ఎక్కడికీ పోడు."

"ఆయన పోడు. మీరే మర్చిపోతారు. మంగళవారం నన్ను రెండుసార్లు విసుక్కున్నారు. ఒక్కటే చెప్పారు."

"తలుపు దగ్గర నిలబడి విన్నావా?"

"వినడమెందుకు? వీధి చివరిదాకా వినిపిస్తుంది."

పనిలో అతనికి ఇంకో అలవాటు ఉంది. నెలనెలా తనిఖీ అయ్యాక లిఫ్టులో తగిలించిన కార్డు మీద సంతకం పెట్టాలి. అతను తనిఖీకి పైకి వెళ్లేటప్పుడే పెట్టేసేవాడు. దిగేటప్పటికి చేతులకు గ్రీజు ఉంటుంది, కార్డు పాడవుతుంది. ముప్పై ఏళ్లలో అతని కార్డుల మీద ఒక్క మరక లేదు.

ఆ బుధవారం పొద్దున ఏడంతస్తుల మేడలో సంతకం పెట్టి, బటన్ నొక్కబోతుండగా ఫోను వచ్చింది. రెండు వీధుల అవతల వేరే లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారు. పరుగెత్తాడు. వాళ్లను బయటికి తీసేసరికి మధ్యాహ్నమైంది. ఆఫీసు సామాన్ల గదిలో కూర్చుని అన్నం డబ్బా మూత తీసి తింటుంటే, ఏడంతస్తుల మేడ వాచ్‌మన్ ఫోను చేశాడు.

"సార్, మీకు దండం పెట్టాలి. పై అంతస్తు పెద్దమ్మగారు లిఫ్టు ఎక్కారు."

"ఎక్కితే?"

"పోయిన నెల కుదిపిందని ఇరవై రోజులుగా మెట్లే కదా. ఆ మోకాళ్లతో! ఇవాళ మీ సంతకం చూపించా. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి ఎక్కారు."

చేతిలో ముద్ద డబ్బాలో పడేశాడు. అతను బ్రేకు చూడలేదు. రోపులు చూడలేదు. సాయంత్రం వెళ్లి చూసేస్తే సరి, అనుకున్నాడు. దేవుడి సంగతి ఎలాగూ శనివారం. అలా అనుకున్నాక అతనికి తనను చూస్తేనే భయం వేసింది. తప్పును శనివారం దాకా జేబులో పెట్టుకుని తిరగగలిగినవాడు ముసలమ్మను సాయంత్రం దాకా ఆ లిఫ్టులో తిప్పగలడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

"మెయిన్ స్విచ్ ఆపెయ్. నేను వచ్చేదాకా ఎవరినీ ఎక్కనివ్వకు."

ఫోను పెట్టేసి బోల్టుల డబ్బాల మధ్య మోకరించాడు. ఎంగిలిచెయ్యి కూడా కడుక్కోలేదు. "ప్రభువా, చూడకుండా సంతకం పెట్టాను. ఆవిడ నమ్మింది. నన్ను క్షమించు. నువ్వు తప్ప నాకు తలదాచుకునే చోటు లేదు." అర నిమిషం కూడా పట్టలేదు. ఇంత చిన్నది ప్రార్థన కిందికి వస్తుందా అని అతనికి అనుమానం వచ్చింది. కానీ లేచేసరికి ఆ భయం లేదు. చెయ్యి కడుక్కుని ఏడంతస్తుల మేడకు పరుగెత్తాడు.

మెట్లెక్కి వెళ్లి రెండు గంటలు తనిఖీ చేశాడు. లోపమేమీ లేదు. నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు. ఏడో అంతస్తులో తలుపు తట్టాడు. పొద్దున ఏం జరిగిందో పెద్దమ్మకు చెప్పాడు.

"ఇప్పుడు చూశావా?" అందావిడ.

"చూశానండి. అంతా బాగానే ఉంది."

"బాగుంటే నాకెందుకు చెప్పడం?"

"దేవుడికి చెప్పేశాను. మీకు చెప్పడం మిగిలిపోయింది."

"ఆయనేమన్నాడు?"

"క్షమించాడండి."

"అంత తొందరగానా?"

"అడిగిన వెంటనే."

"నాకు కొంచెం టైం పడుతుంది," అని ఆవిడ తలుపు వేసుకుంది.

కంపెనీకీ చెప్పాడు. వాళ్లు మెమో ఇచ్చారు. పెద్దమ్మ మళ్లీ మెట్లు పట్టింది. లోపం లేని లిఫ్టు ఖాళీగా నోరు తెరుచుకుని నిలబడేది. మెకానిక్ రోజూ పనికి ముందు వచ్చి ఆవిడ కూరగాయల సంచి పైకి మోసేవాడు. ఆవిడ వద్దనలేదు. బరువూ తగ్గించలేదు.

తొమ్మిదో రోజు నాలుగో అంతస్తు దగ్గర అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏమయ్యా, నాకంటే చిన్నవాడివి!"

"అవునండి," అన్నాడు రొప్పుతూ.

ఆవిడ వెళ్లి లిఫ్టు బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. ముందు అతన్ని ఎక్కించి, తర్వాత తనెక్కింది.

"దీన్ని ఇవాళ చూశావా?"

"వచ్చీరాగానే చూశానండి."

"దేవుడికి చెప్పాల్సిందేమైనా మిగిలిందా? ఉంటే ఇప్పుడే చెప్పు. తలుపు మూసుకోకముందే."

"ఏమీ లేదండి. మూడో అంతస్తు దగ్గర మిమ్మల్ని మనసులో తిట్టుకున్నాను. నాలుగో అంతస్తు వచ్చేలోపే చెప్పేశాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. సంచి అతని చేతిలోంచి తీసుకుంది. ఏడు నొక్కింది.