భోజన వేళ ఎర్రజెండా

1956 ఫిబ్రవరిలో నేను పెరంబూరులో ట్రైన్ ఎగ్జామినరుగా ఉన్నాను. బండి బయలుదేరే ముందు చక్రాలు, బ్రేకులు, కొక్కేలు చూసి, ఇది వెళ్ళొచ్చు అని సంతకం పెట్టే ఉద్యోగం. ఆ నెలాఖరులో నన్ను ఒక విచారణ కమిటీలో వేశారు. ఉత్తర మద్రాసులోని ఒక గూడ్సు యార్డులో ప్రమాదం జరిగింది. యార్డు పేరు ఇక్కడ అవసరం లేదు. కమిటీలో ముగ్గురం. అధ్యక్షుడు ట్రాఫిక్ శాఖలో అసిస్టెంట్ ఆఫీసరు, రెండోవారు పక్క సెక్షను యార్డు మాస్టరు, వ్యాగన్ల శాఖ తరఫున నేను.

మా శాఖలో పాడైన వ్యాగన్‌ను 'సిక్' అంటాం. అలాంటివాటిని విడిగా నిలిపి బాగుచేసే లైను సిక్ లైను. ఫిట్టరు వ్యాగన్ కిందికి దూరే ముందు రెండు పట్టాల మధ్య ఎర్రజెండా పాతాలి. అది ఉన్నంతసేపు ఆ లైనులోకి ఇంజను రాకూడదు. పాతినవాడే దాన్ని తీయాలి. యార్డు మాస్టరు కాదుగదా, జనరల్ మేనేజరు వచ్చినా దానిమీద చెయ్యి వేయకూడదు. ఫిట్టరు ప్రాణం ఆ గుడ్డముక్క మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ నిబంధన అంత గట్టిగా రాశారు.

ప్రమాదం జరిగిన శుక్రవారం మధ్యాహ్నం భోజన వేళ యేసురత్నం అనే ఫిట్టరు వ్యాగన్ కింద పడుకుని బ్రేకు బిగిస్తున్నాడు. బండ్లను ఈ లైను నుంచి ఆ లైనుకు మళ్ళించే పాయింట్స్‌మన్ గోవిందస్వామి వచ్చి జెండా పెరికి పక్కన పెట్టి, ఇంజనుకు చెయ్యి ఊపాడు. ఇంజను ఇంకో పాడైన వ్యాగన్‌ను తోసుకొచ్చి అక్కడ నిలిచి ఉన్నవాటికి తగిలించింది. చక్రం కదిలింది. యేసురత్నం ఎడమ చెయ్యి చక్రానికీ బ్రేకు దిమ్మకూ మధ్య పడి నలిగిపోయింది. బొటనవేలు తప్ప మిగతా వేళ్ళు పోయాయి.

ఇందులో విచారించడానికి ఏముందనుకున్నాను. జెండా తీసినవాడు దొరికాడు, తీశానని ఒప్పుకున్నాడు. అలాంటి తప్పుకు శిక్ష ఉద్యోగం నుంచి తొలగింపు. గోవిందస్వామి వ్యాసర్పాడిలో తాతల నాటి నుంచీ స్థిరపడ్డ తెలుగు కుటుంబంవాడు. ముసలి తల్లి, భార్య, ఇద్దరు పసిపిల్లలు అతని మీదే ఆధారపడి ఉన్నారు. అయ్యో అనిపించింది, కానీ అది వేరే సంగతి.

నాకు బెంగ పట్టుకున్నది యేసురత్నం గురించి. అతను మా తెలుగు క్రైస్తవ సంఘంవాడే. ఆ మాట అధ్యక్షుడితో ముందే చెప్పి తప్పుకుంటానన్నాను. వ్యాగన్ల సంగతి తెలిసినవాణ్ణి ఇంకెక్కణ్ణుంచి తేవాలని ఆయన ఒప్పుకోలేదు. నేనూ పుట్టు క్రైస్తవుణ్ణే గానీ, నోరు తెరిస్తే కృప, కృప అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కృప అంటే అర్హత లేనివాడికి దొరికే దయ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. గుడిలో అది సరే. అర్హత లేనివాణ్ణి పట్టాల మీద ఉంచితే మనుషులు చస్తారు. యేసురత్నం భక్తిపరుడు. కన్నీళ్ళు పెట్టుకుని "క్షమించేశాను సార్" అంటాడేమో, విచారణ కాస్తా ప్రార్థన కూటం అయిపోతుందేమో అని నా భయం.

వాంగ్మూలం రాసుకోవడానికి రైల్వే ఆస్పత్రికి వెళ్ళాను. అతను ఏడవలేదు. అడిగినదానికి అడిగినంతే చెప్పాడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైంది గనక ఆ శుక్రవారం ఉపవాసం ఉన్నాడు. మిగతా ఫిట్టర్లు భోజనానికి వెళ్తే తను వెళ్ళక పని సాగించాడు. జెండా పాతాడు. తను తీయలేదు. నాకు కావలసింది అంతే. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుండగా గోవిందస్వామి తల్లి వచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు.

"నాయనా, జెండా పెట్టడం మరిచిపోయినానని ఒక్క మాట చెప్పు. నా బిడ్డ ఉద్యోగం నిలుస్తాది" అంది.

"పెట్టినదాన్ని పెట్టలేదని ఎట్ట చెప్పేదమ్మా?" అన్నాడు యేసురత్నం.

ఆమె కాసేపు బతిమాలింది. తర్వాత కోపం వచ్చింది. "తెల్లారి లేస్తే క్షమించమని పాడతారే మీరు, అదంతా ఉత్త పాటేనా అప్పా?" అని, కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. యేసురత్నం గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను లేచి వచ్చేశాను. అబద్ధం చెప్పనందుకు లోలోపల సంతోషించాను కూడా.

గాయం మానుపట్టాక విచారణ ప్రమాదం జరిగిన యార్డులోనే, అక్కడి యార్డు మాస్టరు గదిలో జరిగింది. గోవిందస్వామిని పిలిచారు. "జెండా తీసింది నేనే సార్. మధ్యాన్నం ఆడ ఎవరూ ఉండరు సార్" అన్నాడు. జెండా ఉంటే మనిషి ఉన్నట్టేగదా అని అధ్యక్షుడు నిలదీశాడు. ఫిట్టర్లు భోజనానికి పోతూ జెండాలు వదిలేసి పోతారనీ, ఆ వేళకు ఇంజను వస్తే జెండా తీసి, వ్యాగన్ నిలిపి, మళ్ళీ దాని చోట పాతడం యార్డులో అందరూ చేసేదేననీ చెప్పాడు. సాక్షులుగా వచ్చిన ముగ్గురు ఫిట్టర్లను అడిగాం. అలాంటి అలవాటు తమకు లేనే లేదని ముగ్గురూ ఒక్క గొంతుతో చెప్పారు. దొరికిపోయినవాడు కల్లబొల్లి మాటలు చెప్పడం నాకు కొత్త కాదు. వాళ్ళనే నమ్మాను.

చివర యేసురత్నం వచ్చాడు, చేతికి కట్టుతో. వాంగ్మూలం చదివి వినిపించి, మార్చవలసింది ఉందా అని అడిగి సంతకం తీసుకోవడం పద్ధతి. చదివాను. అడిగాను.

"మార్చేదేం లేదు సార్. చేర్చేది ఉండాది" అన్నాడు.

తామందరూ భోజనానికి పోతూ జెండాలు అట్లాగే ఉంచి పోతారని చెప్పాడు. తీసేస్తే, తిరిగి వచ్చేసరికి సగం విప్పిన వ్యాగన్‌ను ఎటో లాక్కుపోతారు, మళ్ళీ వెతుక్కుంటూ తిరగాలి. అందుకని బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు జెండా వేసి పోయేవాళ్ళు. తనూ అంతే. ఆ ఒక్క శుక్రవారమే కింద మనిషి ఉన్నాడు. "ఆయన జెండా తీసింది తప్పే సార్. ఆ జెండా కింద ఎవరూ ఉండరని ఆయనకు నేర్పింది మేము" అన్నాడు.

ఇదంతా నీకే ఎదురు తిరుగుతుంది, మేస్త్రీ పదోన్నతి రావలసినవాడివి, ఆలోచించుకొమ్మని అధ్యక్షుడు హెచ్చరించాడు. రాయండి సార్ అన్నాడు. నేను రాశాను. ముగ్గురు ఫిట్టర్లూ అతని వైపు చూసిన చూపు చెప్పనక్కరలేదు.

అంతలో భోజనం కూత కూసింది. అధ్యక్షుడు టోపీ తీసుకుని బయటికి నడిచాడు. వెనకాలే మేమందరం వెళ్ళాం. సిక్ లైను పొడుగునా జెండాలు ఎండలో నిలబడి ఉన్నాయి. నేను ప్రతి వ్యాగన్ దగ్గరా వంగి కిందికి చూశాను. పనిముట్లున్నాయి, విప్పిన బ్రేకు కడ్డీలున్నాయి, మనిషన్నవాడు లేడు. అలవాటు లేదని సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ముగ్గురికి అప్పగించిన వ్యాగన్ల దగ్గర కూడా జెండాలు అట్లాగే ఉన్నాయి.

గోవిందస్వామిని తొలగించలేదు. ఏడాదిపాటు కింది గ్రేడుకు దించారు. ఫిట్టర్లకు తలా ఒక శిక్ష పడింది. యేసురత్నాన్ని పనిముట్ల గదికి మార్చి, పదోన్నతి ఆపేశారు. భోజనానికి వెళ్ళేవాడు జెండా వెంట తీసుకుపోవాలని, అతను వదిలిన వ్యాగన్‌ను పని పూర్తయ్యేదాకా కదపకూడదని కొత్త ఉత్తర్వు వచ్చింది. దాంతో జెండా వదిలి వెళ్ళవలసిన అవసరమే పోయింది.

యేసురత్నాన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు. శిక్ష పడ్డ ఫిట్టర్లలో మా సంఘంవాళ్ళూ ఉన్నారు. తోటివాళ్ళను పట్టించాడని గుడి మెట్ల మీదే అన్నారు. పాస్టరు గారేమో, క్షమాపణ గురించి ఆదివారం సాక్ష్యం చెప్పమని అడిగారు. "అది నేను క్షమించిన కథ కాదు అయ్యగారూ" అని అతను తప్పించుకున్నాడు.

నేను మాత్రం ఉండబట్టలేక ఒకరోజు పనిముట్ల గదికి వెళ్ళి, ఎందుకు చెప్పావని అడిగాను. ఆ ముసలమ్మ పోయాక నిజంగానే క్షమించాలని కూర్చున్నానన్నాడు. "క్షమించాలంటే ఆయన తప్పెంతో తెలియాలి గదా సార్. దాన్ని కొలవబోతే అందులో నా వంతు కనబడింది. అది దాచుకుని క్షమించినానంటే, దేవుడి ముందర దొంగలెక్క" అన్నాడు. ఆ మాట అని, ఎవరో స్పానరు అడిగితే ఇవ్వడానికి లేచాడు.

కృప అంటే తప్పును చూసీ చూడనట్టు వదిలేయడమని నేననుకునేవాణ్ణి, అందుకే అది పట్టాల మీద పనికిరాదనుకున్నాను. యేసురత్నం దేన్నీ వదిలేయలేదు. గోవిందస్వామి తప్పు తప్పేనన్నాడు, తన తప్పు దాని పక్కన పెట్టాడు. పట్టాల మీద మనుషులు చావకుండా చేసింది అదే. ఆ తర్వాత ఆ లైనులో అలాంటి ప్రమాదం జరిగినట్టు నేను వినలేదు.

వృత్తిలో నేను నేర్చుకున్నది ఒక ప్రశ్న. ఆస్పత్రిలో నేను అతన్ని ఆ రోజు ఏం జరిగిందనే అడిగాను. తర్వాత ఎన్ని విచారణల్లో కూర్చున్నా, గాయపడ్డవాణ్ణీ గాయపరిచినవాణ్ణీ కూడా, మిగతా రోజుల్లో ఎట్లా చేసేవాళ్ళు అని అడక్కుండా సంతకం తీసుకోలేదు. రిటైరయ్యాక అడగడానికి సాక్షులు లేరు. ఆదివారం గుడిలో పాపపు ఒప్పుకోలు ప్రార్థన చేసేటప్పుడు ఆ ప్రశ్న నాకే వేసుకుంటాను. నేను జవాబు వెతుక్కుంటుండగానే మిగతావాళ్ళు ఆమెన్ అనేస్తారు.