చీకట్లో తడిమిన వెండి రూపాయలు

నా చిన్నప్పుడు, డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చిన ఏడాది, విశాఖలో పొద్దు వాలితే దీపం వెలిగించనిచ్చేవారు కాదు. కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్ళం. మా నాన్నది హార్బర్లో ఓడల్ని లాగే టగ్గు మీద పని. ఆ సాయంత్రం సైరన్ మోగింది, నాన్న మాత్రం ఇంటికి రాలేదు. బాంబు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, పడితే ఓడల మీదే పడుతుందని వీధిలో అనుకుంటుంటే విన్నాను. ఇక ఏడుపు ఆగలేదు. అమ్మ నన్ను ఒళ్ళోకి అదుముకుంది. ఆవిడ గుండె దడదడ నా వీపుకు తెలుస్తుంటే ఇంకా భయం వేసింది.

నా ఏడుపు విని పక్కింటి సాయిబు తాత గోడ పట్టుకుంటూ వచ్చాడు. పూర్ణా మార్కెట్ దగ్గర పాత వెండి రూపాయలకు కొక్కేలు అతికి, పల్లెల ఆడవాళ్ళకు దండలు కట్టేవాడు ఆయన. నా అరచేతిలో ఓ రూపాయి పెట్టాడు.

"కళ్ళతో కాదు బేటీ, ఏలితో సూడు. ఎవులున్నారు?"

జుట్టుముడి, చిన్న కిరీటం తగిలాయి. లక్ష్మీదేవి అన్నాను. మా అమ్మమ్మ అలాంటి రూపాయి మీది బొమ్మకు రోజూ బొట్టు పెట్టేది మరి! తాత నవ్వి, అది దొరల రాణి అన్నాడు. తర్వాతి రూపాయి మీద ఆమె కొడుకట. పాపం కిరీటం లేదు, బట్టతలా గడ్డమూ. ఆపైన మనవడు, మళ్ళీ కిరీటంతో. చివర్న ఇచ్చింది కాస్త పెద్దది, అంచు ఇంకా అరగలేదు, మధ్యలో పువ్వురేకులు. అది తామరపువ్వని, అందరికీ తిండి అందాలని మన సర్కారు వేసిన పది రూపాయల వెండి బిళ్ళని చెప్పాడు. భయం పోలేదు. పోతుందని తాతా అనలేదు. వేలికి పని ఉన్నంతసేపు ఏడుపు రాలేదు, అంతే.

ఇంతలో తలుపు తోసుకుని ఎవరో లోపలికి వచ్చారు. మాటా పలుకూ లేదు, ఒకటే ఆయాసం. "ఎవులది?" అంది అమ్మ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా చెయ్యి చాచాను. తాళ్ళు లాగి లాగి పగిలిన అరచెయ్యి, సగం ఊడిన బొటనవేలి గోరు.

"నాన్నేనమ్మా," అన్నాను.

నాన్న అక్కడే కూలబడ్డాడు. రేవు నుంచి పరుగెత్తుకొచ్చాడట. ఆ చెయ్యి నా చేతికన్నా ఎక్కువ వణుకుతోంది. నాన్నకు కూడా భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. పట్టుకున్న చెయ్యి తెల్లారేదాకా వదల్లేదు.

మనవలు నవ్వుతారు గానీ, ఇప్పటికీ కరెంటు పోతే నేను ముందు అగ్గిపెట్టె వెతకను. పక్కనున్న మనిషి చెయ్యి వెతుకుతాను.